ఐదు మ్యాచ్‌లు ఆడనివ్వండి

విజయనగరంలో బస్సెక్కితే గంటా గంటన్నరలో మధురవాడ స్టేడియం. 2025 అక్టోబర్ 13న మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో అక్కడ బంగ్లాదేశ్ జట్టు దక్షిణాఫ్రికాకు చెమటలు పట్టించింది. 233 పరుగుల లక్ష్యాన్ని దక్షిణాఫ్రికా మూడే బంతులు మిగిలి ఉండగా, ఏడు వికెట్లు పోగొట్టుకుని అందుకుంది. తర్వాత ఫైనల్ ఆడింది ఆ జట్టే. అసలు ఆ రోజు బంగ్లాదేశ్ విశాఖలో ఉండటమే వెంట్రుకవాసి అదృష్టం.

అంతకు ముందు ఏప్రిల్‌లో లాహోర్‌లో క్వాలిఫయర్, అంటే ప్రపంచకప్‌కు అర్హత టోర్నీ జరిగింది. ఆరు జట్లు, రెండే బెర్తులు. ఐదుకు ఐదూ గెలిచి పాకిస్తాన్ ఒకటి పట్టేసింది. రెండోదానికి బంగ్లాదేశ్, వెస్టిండీస్ చెరో ఆరు పాయింట్లతో నిలిచాయి. థాయ్‌లాండ్‌పై 167 పరుగుల లక్ష్యాన్ని వెస్టిండీస్ 10.5 ఓవర్లలో ఊదేసినా చాలలేదు. పాయింట్లు సమమైతే చూసేది నెట్ రన్‌రేట్, అంటే ఓవర్‌కు చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడా. అది బంగ్లాదేశ్‌ది 0.639, వెస్టిండీస్‌ది 0.626. అయ్యో అనిపిస్తుంది కానీ, వారి లెక్క తప్పింది మొదటి రోజునే. కెప్టెన్ హేలీ మాథ్యూస్ 114 పరుగులతో అజేయంగా నిలిచినా, స్కాట్లాండ్ చేతిలో 11 పరుగుల తేడాతో ఓడారు.

ఆ టోర్నీలో మాకు నచ్చింది వేరే. థాయ్‌లాండ్ ఒక్కటీ గెలవలేదు, అయినా ఐదూ ఆడింది.

ఇచ్ఛాపురం నుంచో రాజాం నుంచో జిల్లా సెలక్షన్స్‌కు తెల్లవారకముందే బయల్దేరే పిల్ల సంగతి చూడండి. తోడు వచ్చిన నాన్నకు ఆ రోజు కూలి పోయినట్టే. అరువు ప్యాడ్లు కట్టుకుని నెట్స్‌లో పది బంతులు ఆడితే అయిపోయింది. టెన్షన్‌లో రెండు బంతులు తప్పాయా, ఇక వచ్చే ఏడాదే. ఈలోగా పెళ్లి సంబంధం వస్తే అదీ లేదు.

క్వాలిఫయర్ అంటే చిన్న జట్ల గోల అనుకునేవారు 2017ను తలచుకోవాలి. ఆ ఏడాది ప్రపంచకప్‌కు మన జట్టు కొలంబోలో క్వాలిఫయర్ ఆడే వెళ్లింది. ఆ ఫైనల్లో చివరి రెండు బంతులకు ఎనిమిది పరుగులు కావాలి. హర్మన్‌ప్రీత్ ముందు సిక్సర్ కొట్టి, ఆఖరి బంతికి రెండు తీసింది. జూలైలో అదే జట్టు లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. ఆటతో పనిలేకుండా పైకి పోయే దారి కూడా విజయనగరానికి తెలియనిది కాదు. 1936లో పలుకుబడితో భారత కెప్టెన్ అయిన మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు!

మన ఆడపిల్లల్లో సత్తా లేదనడానికి వీల్లేదు. ఊసవానిపేట కర్ణం మల్లీశ్వరిని ఇచ్చింది, కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లను ఇచ్చింది. ఆ ఊళ్లలో పిల్లలు ఏడాదికోసారి బరువులెత్తి ఊరుకోలేదు.

మేము కొత్త స్టేడియం అడగడం లేదు. రంజీ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిన పీవీజీ రాజు మైదానం విజయనగరంలో ఉంది, శ్రీకాకుళంలో కాలేజీ మైదానాలున్నాయి. రెండు జిల్లాలకూ కలిపి ఆరు బాలికల జట్లతో లీగ్ పెట్టండి. ఓడినా గెలిచినా ప్రతి జట్టూ ఐదు మ్యాచ్‌లు ఆడాలి. ఎంపికకు స్కోర్‌షీట్ చూడండి. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఇప్పుడు ఉచితమే కాబట్టి చార్జీల సాకూ లేదు. మధ్యాహ్నం భోజనం, బట్టలు మార్చుకోవడానికి తాళం పడే గది మాత్రం నిర్వాహకులే చూడాలి. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడితే మరీ మంచిది. మగపిల్లల టెన్నిస్ బాల్ టోర్నీలకు ఊరూరా చందాలిచ్చే పెద్దలు ఆ వారం ఎలాగూ జేబులో చెయ్యి పెట్టే ఉంటారు.