ఆ పాత ఐపాడ్‌ని తూకానికి వేయకండి, దయచేసి

పోయిన ఆదివారం పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమ్మం ముందు పాత సామాన్ల అబ్బాయి తూకం వేస్తున్నాడు. పేపర్ల కట్టలు, విరిగిన మిక్సీ జార్, చిక్కుపడ్డ చార్జర్లు. ఆ చార్జర్ల మధ్యలోంచి తెల్లగా, నున్నగా ఒక ఐపాడ్, అదే ఆపిల్ వాళ్ళ పాటల ప్లేయర్, కనిపించింది. 2006లో మా బావ డాలస్ నుంచి వస్తూ తెచ్చిన ఐపాడ్ అది. అప్పట్లో దాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకోవడానికి పిల్లలమంతా వంతులేసుకున్నాం. "అది ఆన్ కాక ఏళ్ళయింది రా, పోనీ" అంది పెద్దమ్మ. ఆ అబ్బాయికి 50 రూపాయలిచ్చి వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చాక కూడా మనసు ఊరుకోలేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

నా దగ్గర కూడా అదే రకం ఉంది. వీడియో ఐపాడ్ అంటారే, 2005 అక్టోబరులో వచ్చిన మోడల్, 30 జీబీ. 2009లో ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇవాళ పొద్దున వాకింగ్‌లో కూడా దాంట్లోనే పాటలు విన్నాను. కాబట్టి ఇది పాత రోజుల మీద బెంగతో రాస్తున్నది కాదు. రోజూ వాడుతున్న వస్తువు గురించి రాస్తున్నాను.

దానికి ముందు కోఠీలో 1,800 పెట్టి పేరూ ఊరూ లేని ఒక ప్లేయర్ కొన్నాను. డబ్బా మీద పెద్దక్షరాలతో ఎంపీ4 అని ఉండేది గానీ ఎంపీ4 ఫైల్ వేస్తే ఆడేది కాదు. ప్రతి వీడియోనీ ఏఎంవీ అనే రకంలోకి మార్చుకోవాలి. అంతకన్నా పెద్ద మోసం మెమరీ. 4 జీబీ అని కంప్యూటర్ కూడా చూపించేది, లోపల చిప్ మాత్రం అంత ఉండేది కాదు. పాటలన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి, సగం తర్వాతివి నొక్కితే గరగర, లేదంటే నిశ్శబ్దం. ఆ రోజుల్లో ఇలా మోసపోయిన స్టూడెంట్లు నా హాస్టల్లోనే ఆరుగురున్నాం. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బు అది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది.

అందుకే ఐపాడ్ చేతికొచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. తెర కింద ఉండే చక్రం మీద బొటనవేలు గుండ్రంగా తిప్పుతుంటే వేల పాటల జాబితా జరజరా జారిపోతుంది, వేలు నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. బస్సులో కిక్కిరిసి నిలబడి, జేబులోంచి బయటికి తీయకుండానే పాట మార్చేవాణ్ణి. లోపల ఉన్నది 1.8 అంగుళాల చిన్న హార్డ్ డిస్క్. అది ఎప్పుడూ తిరుగుతూ ఉండదు. రాబోయే కొన్ని పాటల్ని ఒకేసారి మెమరీలోకి తీసుకుని ఆగిపోతుంది. నాలుగైదు పాటల తర్వాత మళ్ళీ లేస్తుంది. రాత్రి పూట చెవి ఆనిస్తే ఆ సన్నని గిర్రుమనే చప్పుడు వినిపించేది.

ఇక పాటలు సర్దుకోవడం. ఈ పని చేసినవాళ్ళకే దాని రుచి తెలుస్తుంది. అప్పట్లో మనకు దొరికిన తెలుగు పాటల ఫైళ్ళలో గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ చిరునామా ఉండేది. సినిమా పేరు పక్కన కూడా అదే. సుశీల గారు, ఘంటసాల గారు, జానకి గారు, అందరూ ఒకే వెబ్‌సైట్ పేరు కింద పడి ఉండేవారు. అది నాకు అవమానంలా అనిపించింది. ఒక వేసవి మొత్తం కూర్చుని ఒక్కో పాటకీ సినిమా, సంవత్సరం, పాడినవాళ్ళు, సంగీత దర్శకుడు సరిచేశాను. రాసిన కవి పేరు చూపించే చోటు లేకపోతే, పాట పేరు పక్కనే గీత గీసి ఆత్రేయ అనో, వేటూరి అనో చేర్చాను. ఐపాడ్‌లో కంపోజర్స్ అని విడిగా ఒక మెనూ ఉంది. మన సినిమా పాటలకు అంతకన్నా ఏం కావాలి? మనం పాటని తలుచుకునేదే అలా కదా, ఇది రమేష్ నాయుడు పాట, ఇది ఇళయరాజా పాట అని. అక్కడ సాలూరి రాజేశ్వరరావు గారి పేరు నొక్కితే ఆయన పాటలన్నీ వరసగా వస్తాయి.

ఇప్పుడు నేను నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో ఈ మర్యాద లేదు. 1960ల పాటకి ఎవరో హిట్స్ సంకలనం అప్‌లోడ్ చేసిన సంవత్సరం వేసి ఉంటుంది. కవి పేరు చాలా పాటలకు ఉండదు. పోయినేడు నేను దాచుకున్న జాబితాలో 11 పాటలు ఒక్కసారిగా బూడిద రంగులోకి మారాయి. నొక్కితే పలకవు. ఆడియో కంపెనీకీ యాప్‌కీ మధ్య ఒప్పందం అయిపోతే అంతే, మనకి ముందుగా ఒక ముక్క చెప్పేవాళ్ళుండరు. యాప్ వద్దని నేననడం లేదు. కొత్త పాటలు నేనూ అందులోనే వింటాను. కానీ ప్రాణంగా చూసుకునే పాటల్ని అద్దె ఇంట్లో పెట్టకండి అంటున్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. మా తాతయ్య తెనాలి దగ్గర మా ఊళ్ళో పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. 1989లో ఒక నాటకాన్ని మా నాన్న టేప్ రికార్డర్‌లో రికార్డు చేశారు. హార్మోనియం, మధ్యలో ఎవరో పిల్లవాడి ఏడుపు, జనం "వన్స్‌మోర్" అని కేకలు, తాతయ్య రాగం తీస్తూ ఊపిరి బిగబట్టడం, అన్నీ ఉన్నాయి అందులో. ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పద్యాలు విడదీసి ఐపాడ్‌లో వేశాను. ఆర్టిస్ట్స్ జాబితాలో ఎస్ అక్షరం దాటగానే సుశీల గారి కింద తాతయ్య పేరు ఉంటుంది. ఏ యాప్‌లో వెతికినా ఆయన దొరకరు. క్యాసెట్ బూజు పట్టి పోయింది. ఆయన పోయి చాలా కాలమైంది. గొంతు మాత్రం నా జేబులో ఉంది.

2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయారు. ఆ రాత్రి ఫోన్ తీస్తే వార్తలు, ఫార్వర్డ్ మెసేజ్‌లు, ఎవరెవరి వాదనలో. పాట పెట్టుకుంటే మధ్యలో టింగుమని నోటిఫికేషన్. ఫోన్ ఇంట్లో వదిలేసి ఐపాడ్ తీసుకుని మేడ మీదకు వెళ్ళాను. తెల్లారేదాకా ఆయన పాడుతూనే ఉన్నారు, మధ్యలో ఎవ్వరూ రాలేదు. పాట మధ్యలోకి ఎవరినీ రానివ్వని వస్తువు ఎందుకు ఉండాలో నాకు ఆ రాత్రి అర్థమైంది.

వీడియో సంగతి కూడా చెప్పాలి, ఎక్కువ చెప్పను. తెర రెండున్నర అంగుళాలు, 320 బై 240 చుక్కలు. వెడల్పాటి సినిమాస్కోప్ సినిమా పెడితే పైనా కిందా నల్లటి పట్టీలు పోను 136 గీతల సన్నటి బొమ్మ మిగులుతుంది. కానీ 1950ల నలుపు తెలుపు సినిమాలు దాదాపు అదే కొలతలో తీసినవి, తెర నిండా సరిగ్గా ఇమిడిపోతాయి. నా మోడల్‌లో వీడియోకి బ్యాటరీ 2 గంటలని కంపెనీయే చెప్పింది, మన సినిమాకి అది చాలదు. నేను అందులో పాటల వీడియోలు మాత్రమే చూస్తాను.

ఇక మీ ఇంట్లో ఉన్నదాని గురించి. అది ఆన్ కాలేదంటే చాలాసార్లు కారణం బ్యాటరీ ఒక్కటే. లిథియం బ్యాటరీ ఏదైనా పదిహేనేళ్ళకు నీరసిస్తుంది, అందులో వింతేమీ లేదు. నాది పడుకున్నప్పుడు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, చేతిలోకి కూడా తీసుకోకుండా "పారేసి ఫోన్‌లో వినండి సార్" అన్నారు. అబిడ్స్‌లో ఒక చిన్న రిపేరు షాపు కుర్రాడు మాత్రం నా ఎదురుగానే విప్పాడు. పల్చటి ప్లాస్టిక్ పలకని పక్క సందులోకి దూర్చి మెల్లగా జరుపుతూ పోతే, లోపలి క్లిప్పులు టక్ టక్‌మని ఒక్కొక్కటీ వదిలాయి. వెనక రేకుని గబుక్కున లాగకుండా పుస్తకం తెరిచినట్టు తెరిచాడు. ఎందుకంటే రేకుకి అతికించిన బ్యాటరీ తీగ ఒకటి, ఇయర్‌ఫోన్ రంధ్రం రిబ్బన్ ఒకటి రెండు సగాల్నీ కలుపుతూ ఉంటాయి. తొందరపడితే తెగుతాయి. డిస్క్ చుట్టూ నీలం రబ్బరు తొడుగులున్నాయి. వాటిని చూసి "ఎంత ముద్దుగా కట్టారు సార్" అన్నాడు. బ్యాటరీ, పని కలిపి 1,200 తీసుకున్నాడు. ఆ తర్వాతెప్పుడో డిస్క్ తీసేసి, అడాప్టర్‌తో ఎస్‌డీ కార్డు వేయించాను. బరువు తగ్గింది, చార్జింగ్ ఎక్కువ సేపు వస్తోంది. ఆ గిర్రుమనే చప్పుడు పోయినందుకు మాత్రం కొంచెం వెలితిగా ఉంటుంది.

2022 మేలో ఆపిల్ ఐపాడ్‌ల అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఇక ఉన్నవే ఉన్నవి. పాత సామాన్ల బండెక్కిన ప్రతి ఒక్కటీ లెక్కలోంచి పోయినట్టే. అందులో ఎవరి పెళ్ళి పాటలున్నాయో, ఎవరి అమ్మ గొంతుందో, తూకం వేసేవాడికి ఎలా తెలుస్తుంది?

పెద్దమ్మ వాళ్ళది నిన్న చార్జింగ్‌కి పెట్టాను. అరగంటకి తెర వెలిగింది. రీసెంట్లీ యాడెడ్‌లో, అంటే కొత్తగా ఎక్కించిన పాటల జాబితాలో, చివరి పాట 2011 నాటిది. బావకి ఫొటో పంపితే ఫోన్ చేసి, "దాంట్లో మా పాప మాటలు నేర్చుకునేటప్పటి రికార్డింగ్ ఉండాలి, వాయిస్ మెమోస్‌లో చూడు" అన్నాడు. ఉంది. 40 సెకన్లు.

కాబట్టి ఈ వారం బీరువా పైనున్న ఆ డబ్బా దించండి. 30 పిన్నుల వెడల్పాటి కేబుల్ అందులోనే ఉంటే విడిగా దాచండి. ముందు వెనక రేకు ఉబ్బిందేమో చూడండి. ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, సూదితో పొడవొద్దు, రిపేరు తెలిసినవాళ్ళకే ఇవ్వండి. ఉబ్బకపోతే ఓ గంట చార్జింగ్‌లో వదిలేయండి. ఆన్ అయ్యాక కంప్యూటర్‌కి తగిలిస్తే, "రీస్టోర్ చేయాలా" అని అది అడిగినప్పుడు మాత్రం అవునని నొక్కకండి, లోపలున్నవన్నీ చెరిగిపోతాయి.