పాయింట్ల పట్టిక గారికి విశాఖ నుంచి 412 నమస్కారాలు

మహారాజశ్రీ కెనడా పాయింట్ల పట్టిక గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. విశాఖపట్నంలో మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. రెండు వారాలకోసారి అటూ ఇటూగా తమరు డ్రా తీసినప్పుడల్లా నేనే పొద్దున్నే ముఖం కడుక్కోకుండా ఫోన్లో చూసుకుంటున్నాను.

తమరి పూర్తి పేరు కాంప్రహెన్సివ్ ర్యాంకింగ్ సిస్టమ్ అనీ, కెనడాలో స్థిరపడతామనేవాళ్లకి మార్కులేసి, డ్రాలో కటాఫ్ దాటినవాళ్లనే పిలవడం తమరి ఉద్యోగమనీ నాకు తెలుసు. మా అమ్మకి అది నోరు తిరగదు. "ఆ కెనడా మార్కులోడు ఏటన్నాడ్రా?" అని అడుగుతుంది. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో తమరు కూడా ఒక మనిషి కిందే లెక్క. ఇంత పరిచయమయ్యాక ఇంకా తమరు, గారు అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక్కణ్ణుంచి నువ్వే.

2018 మార్చిలో నాకు 31 నిండాయి. పరవాడలో ఓ కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీర్ని. అందరూ పడుకున్నాక ప్రొఫైల్ వేసి బటన్ నొక్కితే, 1200కి నా వెల 413 అన్నావు. ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు తర్వాత నన్నంత నిక్కచ్చిగా ఎవరూ తూచలేదు. వయసుకి 90, బీటెక్‌కి 112, ఇంగ్లీషుకి 116, ఇంకా ఏవో చిల్లర పద్దులు. అప్పట్లో కటాఫ్ 440ల్లో ఆడుతోంది. ముప్ఫయ్యే కదా తక్కువ, సంపాదించలేనా అనుకున్నాను.

నీ సంగతి అప్పటికి తెలియదు మరి. ఎంసెట్ ర్యాంకు ఎంత దరిద్రంగా ఉన్నా దానికో సుగుణం ఉంది, వచ్చింది వచ్చినట్టే ఉంటుంది. 2004లో నాకొచ్చిన ర్యాంకు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు, ఎవరికైనా చెప్పాలంటే ఇవాళ్టికీ అంతే సిగ్గు. నీ స్కోరు కర్పూరం బిళ్ల. ముట్టుకోకుండా డబ్బాలో దాచినా తరిగిపోతుంది. పెళ్లయినవాడికి 30 నుంచి ఏడాదికి 5 కోస్తావు. 40 దాటితే ఏడాదికి 10. 45 వచ్చేసరికి గుండు సున్నా. నా పుట్టినరోజుకి మా అమ్మ సంపత్ వినాయకుడి గుడిలో అర్చన చేయించి, సేమ్యా పాయసం గిన్నెతో వచ్చి "నిండు నూరేళ్లు బతకరా" అని దీవిస్తుంటే నాకు పాయసం గొంతు దిగదు. నూరేళ్లెందుకమ్మా, 29 దగ్గర ఆపించలేకపోయావా?

సరే, ఎంటెక్ చేస్తే పెరుగుతుందన్నారు. షిఫ్టులు చేసుకుంటూ, ఆదివారాలు అమ్ముకుని రెండేళ్లు చదివాను. 39 కలిపావు, ధర్మప్రభువువి. అదే చేత్తో వయసు పద్దు కింద 10 మినహాయించావు. 442 తేలింది. చదువు మొదలెట్టిన నాటి కటాఫుల్లో కొన్నిటికి ఈ 442 సరిపోయేది. కానీ 2020 జూలైలో నువ్వు 478 దగ్గర కూర్చున్నావు. మద్దిలపాలెంలో బస్సు వెనక పరిగెత్తినవాళ్లకి ఈ బాధ తెలుసు. మనం దగ్గరకొచ్చే దాకా నెమ్మదిగా వెళ్తున్నట్టే ఉంటుంది, చెయ్యి కమ్మీకి తగలబోతుండగా గేరు పడుతుంది.

అయినా అదొక ఎత్తు, 2021 ఫిబ్రవరి 13 ఒక ఎత్తు. ఆ శనివారం ఒక్క డ్రాలో 27,332 మందిని పిలిచావు. కటాఫ్ 75. నాలుగు వందల డెబ్బై అయిదు కాదు, ఉత్త డెబ్బై అయిదు. నా దగ్గర 442 ఉన్నాయి. మా బావమరిది అర్ధరాత్రి ఫోన్ చేసి "బావా, స్వీట్లెక్కడ?" అన్నాడు. మా ఆవిడ లేచి దేవుడి గదిలో లైటు వేసింది. నేను చదువుకుంటూ కిందికెళ్తే తెలిసింది, అప్పటికే కెనడాలో పనిచేస్తున్నవాళ్లకట ఆ పిలుపు. కరోనాకి సరిహద్దు మూసుకున్నారు కాబట్టి లోపలున్నవాళ్లకే విస్తళ్లు వేశావు. తప్పు లేదు. కానీ ఇస్త్రీ బట్టలు వేసుకుని గుమ్మంలో కూర్చున్నవాడికి పక్క వీధి పప్పు తాలింపు వాసన తగిలితే ఎలా ఉంటుందో ఎవరైనా నీకు చెప్పాలి. అందుకని రాస్తున్నాను.

అంతవరకూ నువ్వు మనిషిని మొత్తంగా తూచేవాడివి. ఎవరి బరువు ఎక్కువైతే వాళ్లే. 2023 నుంచి వంటింట్లో ఏ డబ్బా నిండుకుందో చూసుకుని పిలవడం మొదలెట్టావు. నర్సులు, వడ్రంగులు, వెల్డర్లు, లారీ డ్రైవర్లు, ఫ్రెంచ్ వచ్చినవాళ్లు. 2025లో లారీల డబ్బా తీసేసి టీచర్ల డబ్బా పెట్టావు. దీనివల్ల మా చుట్టాల్లో తలకిందులైన మర్యాదలు నీకేం తెలుసు! మా పిన్ని కొడుకు ఎంసెట్ పోయి కంచరపాలెం ఐటీఐలో చేరినప్పుడు ఇంటిల్లిపాదీ మౌనం పాటించారు. నాకు బీటెక్ సీటు వచ్చిందని వాడికి నన్ను చూపించి తిట్టారు. వాడు వెల్డరయ్యాడు, ఓడలకి చేస్తాడు, చెయ్యి బంగారం. ఇప్పుడు అదే చుట్టాలు వాడి దగ్గరికెళ్లి "కెనడాకి నిన్నే పిలుస్తన్నారటగదా నాయినా" అంటున్నారు. వాడు ఎక్కడ ఆగాడో తెలుసా? ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ ఆరేసి రావాలి. జంతు ప్రదర్శనశాలలు ఉండాలా వద్దా అని 250 మాటలు రాయాలి. "అన్నయ్యా, జూ ఉండాల్సిందే, మన పిల్లలు చూస్తారు. కానీ ఇనుము అతికేవోణ్ణి, ఆ ముక్క నన్నెందుకు అడుగుతన్నారు?" అన్నాడు. నా ఎంటెక్‌లో దానికి జవాబు దొరకలేదు.

మా ఆవిడ విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. భార్యకి నువ్వు ఇచ్చే గరిష్ఠం 40. మా ఆవిడకి 20 వేశావు. ఆ అంకె చూసి ఆమె ఏమీ అనలేదు, వారం రోజులు కూరలో ఉప్పు మాత్రం 20కి తగ్గట్టే పడింది. ద్వారకానగర్‌లో ఓ కన్సల్టెన్సీ కుర్రాడు దీనికీ ఉపాయం చెప్పాడు. "మేడమ్ మీతో రావట్లేదని రాసేయండి సార్, ఒంటరివాళ్ల పట్టికలో వేస్తారు, పెరుగుతుంది." ఇంటికొచ్చి ఆ పట్టిక ప్రకారం లెక్క కట్టాను. రెండు పాయింట్లు పెరుగుతాయి. అగ్నిసాక్షిగా చేసుకున్నదాన్ని కాగితం మీద వదిలేస్తే రెండు! ఈ లెక్క కాగితం నేనింకా ఇంట్లో దాచే ఉంచాను, ఎక్కడ దాచానో ఇందులో రాయను. అదే కుర్రాడు అంతకుముందెప్పుడో లక్షలకి జాబ్ ఆఫర్ ఉత్తరం ఇప్పిస్తానన్నాడు, 50 పాయింట్లు గ్యారంటీ అట. డబ్బు లేక నిజాయితీపరుడిగా మిగిలిపోయాను. అలాంటి ఉత్తరాలు అంగట్లో అమ్ముడవుతున్నాయని నీకూ తెలిసి, 2025 మార్చి 25న ఆ పాయింట్లే ఎత్తేశావు. నిన్ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న రోజు అదొక్కటే.

కాదు, ఇంకోటి కూడా ఉంది. మీ పాయింట్ల వంశం 1967లో పుట్టకముందు చాలాకాలం ఆ దేశం వలసొచ్చేవాళ్లని ఏ దేశంవాడివి, ఏ జాతివాడివి అని చూసి ఎంచుకునేది. మీ వంశమొచ్చాక చదువెంత, పనేంటి అని చూసి పాయింట్లేయడం మొదలైంది. అందుకే నీ మీద ఎంత కోపమొచ్చినా పూర్తిగా తిట్టలేను. పుట్టిన దేశాన్ని వదిలేసి పుట్టిన సంవత్సరాన్ని పట్టుకున్నావు, అంతే.

నీ చుట్టాల్నీ చూసొచ్చాను. ఆస్ట్రేలియా పట్టిక పెళ్లి కానివాడికి 10 పాయింట్లు ఇస్తుంది. మా వైపు ముప్ఫై దాటినా పెళ్లి కానివాణ్ణి చూసి జాలిపడతారు, అక్కడ మార్కులేస్తున్నారు. ఇంకో వింత, తెలుగు-ఇంగ్లీషు దుబాసీ పరీక్ష పాసైతే 5 పాయింట్లు. ఎంవీపీ కాలనీలో మా పై వాటా పిల్లాడు బళ్లో తెలుగు మాట్లాడినందుకు చిన్నప్పుడు ఫైను కట్టాడు. ఇప్పుడు ఆ ఐదింటి కోసం ఆన్‌లైన్లో తెలుగు కోచింగుకి ఫీజు కడుతున్నాడు. భాష ఒక్కటే, రెండుసార్లు బిల్లు. న్యూజిలాండ్ 2023 అక్టోబరులో తన పట్టికని ఆరు పాయింట్లకి కుదించింది. జర్మనీ కూడా 2024 జూన్ నుంచి ఆరు పాయింట్లకే కార్డు ఇస్తోంది, కానీ అది ఉద్యోగం వెతుక్కోడానికి మాత్రమే. అమెరికాకైతే పట్టికే లేదు, క్యూ ఉంది. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదనే నియమం వల్ల, 2025లో కూడా అక్కడి ఈబీ-2 అనే పెద్ద చదువులవాళ్ల వరసలో మనవాళ్ల వంతు 2013 దగ్గరే నిలబడి ఉండేది. ఆగలేనివాళ్లకి పది లక్షల డాలర్ల బంగారు కార్డు పెట్టారు. మా ఇంట్లో ఉన్న బంగారం మూడు కాసులు.

ఎదురుచూపు మాకు కొత్త కాదులే. గాజువాక వైపు స్టీల్ ప్లాంటుకి భూమి ఇచ్చినందుకు మా నాన్న చేతికి ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల కార్డు వచ్చింది, దాని మీద ఉద్యోగం వచ్చే దాకా ఆ కార్డు మా తాతల ఫొటో పక్కనే ఉండేది. నేనిప్పుడు కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ కార్డు అంటుంటే "ముందు ఓ అచ్చరం పెరిగిందన్నమాట" అంటాడు మా నాన్న.

సింహాచలం అప్పన్న సంగతి నీకు తెలియకపోవచ్చు. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉంటాడు, అక్షయ తృతీయ నాడు మాత్రం నిజరూపం చూపిస్తాడు. ఆ తేదీ పంచాంగంలో ఉంటుంది, టిక్కెట్టు కొనుక్కుని క్యూలో నిలబడొచ్చు. నీ నిజరూపం ఏదో ఎనిమిదేళ్లలో నాకు అంతు చిక్కలేదు. చందనం ఒలిచి చూస్తే లోపల ఇంకో చందనం.

ఇప్పుడు అసలు విషయం. 2018లో 413తో మొదలెట్టాను. ఎంటెక్ చేశాను. ఇంగ్లీషు పరీక్ష ఫలితానికి రెండేళ్లే ఆయుష్షు కాబట్టి మళ్లీ మళ్లీ రాశాను. ప్రొఫైల్ ఏడాదికే చెల్లిపోతుంది కాబట్టి తద్దినం పెట్టినట్టు ఏటా కొత్తగా వేశాను. ఈ మార్చికి 39 నిండాయి. నిన్న లాగిన్ అయితే 412 చూపించావు. ఎనిమిదేళ్ల కష్టానికి ఒక పాయింటు నష్టం. షేర్లలో పెట్టి పోగొట్టుకున్నా ఇంత కచ్చితంగా పోదు.

ఇక మిగిలింది ఫ్రెంచే. నాలుగు విభాగాల్లో ఏడో స్థాయి వస్తే ఇంగ్లీషు వచ్చిన నాలాంటివాడికి అదనంగా 50 ఇస్తావు, పైగా ఆ డ్రా వేరు. 2025 మార్చిలో 379కే తలుపు తీశావు. చరిత్ర పుస్తకం తిరగేస్తే కడుపు మండింది. 1757లో బుస్సీ బొబ్బిలి మీద పడ్డాడు, అదే ఏడాది విశాఖ కోటనీ పట్టుకున్నాడు. ఫ్రెంచ్ మా గుమ్మంలోకి నడిచొచ్చింది! మరుసటేడే విజయనగరం ఆనంద గజపతిరాజు గారు వాళ్లని తరిమేసి ఊరు ఇంగ్లీషువాళ్లకి అప్పగించారు. ప్రభువులకి కటాఫుల సంగతి తెలియదు పాపం. మా ముత్తాత 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉన్న యానాంలో ఇల్లు కట్టుకున్నా పోయేది, అనకాపల్లి బెల్లం వ్యాపారం వదల్లేకపోయాడు.

కాబట్టి రోజూ తెల్లారి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాకా నడుస్తూ, చెవుల్లో ఫోను పెట్టుకుని నేర్చుకుంటున్నాను. అంకెల దగ్గర ఆగిపోయాను. వాళ్లకి ఎనభైకి వేరే మాట లేదట, నాలుగిరవైలు అంటారు. తొంభై అంటే నాలుగిరవైల పది. ఇంటికొచ్చి పైకి చదువుకుంటుంటే చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. "మా అమ్మ పిడకలు అలాగే లెక్కెట్టేదిరా, మూడిరవైలు, నాలుగిరవైలు అనీసి. దీనికి నువ్వు డబ్బులు కడతన్నావా?" అంది.

అమ్మమ్మ వయసుకి నీ దగ్గర పాయింట్లు లేవని చెప్పాను.

ఇట్లు,
తమ విధేయుడు,
412
(వచ్చే మార్చి దాకా. ఆ తర్వాత 407)