పైపుని నమ్మకండి

21 రోజులు ఆర్మీ క్యాంపులో ఉండి వచ్చానని తెలిసి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు గానీ, అక్కడ నేను పట్టిన ఆయుధం స్క్రూడ్రైవరొక్కటే. మా కంపెనీ ఆర్మీకి జనరేటర్లు అమ్ముతుంది. లద్దాఖ్ చలికి వాటికి జలుబు చేస్తే చూసి రావాలని 2024 ఫిబ్రవరిలో అడిగితే, ఆఫీసులో అందరికీ ఒకేసారి దగ్గరి బంధువుల పెళ్లిళ్లు వచ్చిపడ్డాయి. బంధువులు తక్కువున్న నన్ను బెంగళూరు మారతహళ్లి నుంచి ఎక్కించారు.

లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తు. గాలి అలవాటు పడాలి కాబట్టి మొదటి కొన్ని రోజులు ఊరికే పడుకోమంటారు. జీతమిచ్చి పడుకోబెట్టడం భలే ఉందే అనుకుంటూ ఇంటికి ఫోన్ చేద్దునుగదా, సిగ్నల్ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదట. పోస్ట్‌పెయిడ్ దండగ అని పదేళ్లుగా మా ఆవిడకి పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ సంగతి ఆవిడకే చెప్పడానికి హవల్దారు గారి ఫోన్ అడుక్కున్నాను.

హవల్దారు గారిది పశ్చిమ గోదావరి, మిలటరీ మాధవరం. ట్రైనింగ్ మా బెంగళూరులోనే, అల్సూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్స్ సెంటర్లో. "ఆయ్, బెంగళూరంటే స్వర్గవండి, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి" అనేవారు.

క్యాంపులో కుళాయి ఉంది, తిప్పితే తిరిగేది కూడా, పైపులో మాత్రం మంచు. రాత్రి మైనస్ 15. గది వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి, బుఖారీ, ఉన్నా పొగకి ప్రాణం పోతుందని పడుకునే ముందు ఆర్పేసేవారు. దాంతో స్లీపింగ్ బ్యాగులో నాతోపాటు ఫోను, టూత్‌పేస్టు, నీళ్ల సీసా, రేపటి సాక్సులు కాపురం ఉండేవి. తడి తువ్వాలు బయట ఆరేస్తే కాసేపటికే అప్పడమైంది. మడిస్తే విరుగుతుందేమోనని తలుపు రెక్కలా చంకలో పెట్టుకుని మోసుకొచ్చాను, జవాన్లు చూసి నవ్వారు. మరుగుదొడ్డి సంగతి రాయను. డబ్బాలో నీళ్లని ముందు పగలగొట్టాలి, అంతే.

స్నానం వారానికోసారి, మంచు కరిగించిన అరబకెట్టు. దానికి హవల్దారు గారు తలుపు బయట నిలబడి ట్రైనింగ్ ఇచ్చారు. "ముందు కాళ్లండి, తర్వాత ఒళ్లు, తల ఆఖర్న. సబ్బు పెట్టేముందు బకెట్టు కేసి చూడండి. కంటికి కనపడ్డవే నీళ్లు. పైపుని నమ్మకండి సార్."

మార్చిలో వెనక్కి బయల్దేరాను. ముందురోజు ఫోన్లో మా ఆవిడ "టాంకరు... బోరు..." అని ఏదో అంటే బోరు కొడుతోంది కాబోలు అనుకుని, "వచ్చేస్తున్నాగా" అని ఓదార్చాను కూడా. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి రెండు గంటల ట్రాఫిక్. రెండు గంటలూ నా కళ్ల ముందు షవరొక్కటే.

ఇంట్లో అత్తయ్య గారొక్కరే ఉన్నారు. "బాబూ, ఒక్కమాట..." అన్నారు. "కాఫీ తర్వాత తాగుతానండీ" అని బాత్రూంలో దూరాను. అక్కడ దారికడ్డంగా నీలం బకెట్టు, నిండా నీళ్లు. లద్దాఖ్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. మొత్తం గుమ్మరించేసి, బకెట్టు బోర్లించి దానిమీద రాజులా కూర్చుని షవర్ తిప్పాను. వేడి నీళ్లు! తలకి షాంపూ మూడుసార్లకి సరిపడా పట్టించి, కళ్లు మూసుకుని ఒళ్లంతా సబ్బు రుద్దుకుంటుండగా షవర్ ఒకసారి దగ్గి, "సుయ్య్" మని గాలి వదిలి ఊరుకుంది.

"అత్తయ్య గారూ, మోటరు!"

"అదే చెప్పబోయాను బాబూ. బోరెండిపోయి పదిరోజులైంది. ట్యాంకరు సాయంత్రం ఆరింటికి. ఆర్వో వదిలేసిన నీళ్లు రెండ్రోజుల్నించి నీలం బకెట్లో పడుతున్నాను, అవి పోసుకోండి."

నేనేం మాట్లాడలేదు. తలుపు కింద నుంచి పారుతున్న నీళ్లు ఆవిడకి కనపడినట్టున్నాయి, ఆవిడా ఏం మాట్లాడలేదు. కాసేపటికి తలుపు సందులోంచి తాగే నీళ్ల క్యాన్‌లోంచి వంచిన చెంబొకటి వచ్చింది. కాళ్లు, ఒళ్లు, ఆఖర్న తల అనుకున్నాను గానీ మోకాళ్ల దగ్గరే చెంబు ఖాళీ అయింది.

అప్పట్లో తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా. అల్లుణ్ణి కడిగితే ఎంతో కనుక్కోమని సాయంత్రం మా ఆవిడ వాచ్‌మన్‌ని పిలవబోయింది.

ట్యాంకరు ఇంకా రాలేదు, ఫోన్ మోగింది. "ఇంజినీరు గారూ, చేరారాండి? ఈపాటికి సుబ్బరంగా షవర్ కింద స్నానం చేసుంటారు. అదృష్టవంతులండి, ఆయ్!"

"ఔనండీ, ఇప్పుడే" అన్నాను, చెవిలో నురగ తుడుచుకుంటూ.