ఆరు నెలల గడువు గారికి

మహారాజశ్రీ గడువు గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక మాజీ ఇల్లాలు వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను మీకు గుర్తుండను లెండి, నాలాంటి వాళ్లు రోజుకెంతమంది!

మీరూ మీ తమ్ముడూ 1976లో హిందూ వివాహ చట్టానికి పుట్టిన కవలలని ఈ మధ్యే తెలిసింది. మీరు 13బి సెక్షన్‌లో కాపురం పెట్టారు. మొగుడూ పెళ్లాం కలిసొచ్చి "మాకు విడాకులు ఇప్పించండి మహాప్రభో" అన్నా, ఆరు నెలలాగి మళ్లీ రమ్మంటారు. మీ తమ్ముడు 21బిలో ఉన్నాడు. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించడానికి అన్నివిధాలా ప్రయత్నించాలంటాడు. మీరేమో ఒక్కరోజు తగ్గరు, ఆయన ఒక్కరోజూ కనబడడు.

కోర్టు వరండాలో నా పక్కన కూర్చున్న హిందూపురం అక్కది ఒకరు కావాలంటే ఒకరు వద్దనే పోట్లాట విడాకుల కేసు. అయిదో ఏడు నడుస్తోంది. మీ తమ్ముడి సంగతి చెబితే "అట్లాంటి సెక్షన్ కూడా ఉందా పాపా?" అని, టిఫిన్ డబ్బా మూతలో నాకింత చిత్రాన్నం పెట్టింది. వాయిదాకొచ్చేటప్పుడు ఎప్పుడూ ఇద్దరికి సరిపడా తెస్తుందట. పక్కన ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు కదా అంది.

మా మదనపల్లె మావయ్యకి లా బాగా వచ్చు. "ఏడాది విడిగా ఉంటే విడాకులు వాటంతటవే అయిపోతాయి కదమ్మా, ఈ తిరుగుడెందుకు?" అన్నాడు. ఆ ఏడాది అర్జీ పెట్టుకోవడానికి అర్హత మాత్రమే మావయ్యా, డిగ్రీకి ఇంటరు లాగ, అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మీరు తప్పనిసరేం కాదని, కోర్టు తలుచుకుంటే మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. అది చదివి ఎగిరి గంతేశాను. లాయరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ లెక్క చెప్పారు. అర్జీ వేసే నాటికే 18 నెలలు విడిగా ఉండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు బెడిసికొట్టాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోవాలి. మాకు అన్నీ ఉన్నాయి, నెలలు మాత్రం 13. ఇంకో అయిదు నెలలు ముందే పోట్లాడుకుని ఉండాల్సింది.

ఆవేశంలో తెంచుకోకూడదనే మీ సదుద్దేశం నాకు తెలుసు. విడాకుల డిక్రీ వచ్చేలోపు ఒకరు "నేనొప్పుకోను" అని వెనక్కి తగ్గినా కథ మొదటికొస్తుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పిన మాట. అందుకే ఆ ఆరు నెలలూ మా ఆయనతో ఎంత మర్యాదగా ఉన్నానో! పుట్టినరోజుకి ఫోన్ చేశాను. తొమ్మిదేళ్ల కాపురంలో అంత మర్యాద మా మధ్య ఎన్నడూ లేదు. ఫ్రిజ్ ఆయనకి, వాషింగ్ మెషిన్ నాకు. వెంకటేశ్వరస్వామి పటం దగ్గర మాత్రం "నువ్వుంచుకో" అంటే "నువ్వుంచుకో" అనుకున్నాం. ఫ్లాటు లోను సంగతి మరీ ఘోరం. కోర్టు విడదీసినా బ్యాంకు విడదీయదట. లోను తీరేదాకా దాని దగ్గర ఇద్దరం దంపతులమే.

మొదటి మోషన్ రోజు, అంటే ఇద్దరం కలిసి అర్జీ పెట్టిన రోజు, కోర్టు బయట దర్శిని హోటల్లో నిలబడి, అలవాటు కొద్దీ ఆయన "ఒందు కాఫీ, బై టూ" అన్నాడు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిచ్చారు. తాగాం.

ఆరు నెలలాగి రెండో మోషన్ అయ్యాక మళ్లీ అక్కడికే వెళ్లాం. కౌంటరు దగ్గర కుర్రాడు గుర్తుపట్టి "బై టూనా సార్?" అన్నాడు. ఆయన నా వైపు చూశాడు.

"రెండు ఫుల్" అన్నాను.

డబ్బులు ఎవరివ్వాలో ఒప్పందంలో రాసుకోలేదు. ఇద్దరం ఫోన్లు తీసి క్యూఆర్ కోడ్ ముందు నిలబడ్డాం.

ఇట్లు,
అయిదు నెలలు తక్కువైన అర్జీదారు