దరఖాస్తులోని ‘లింగం’ గడికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘లింగం’ గడి గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నం గాజువాకలోని ఒక వంటగ్యాస్ ఏజెన్సీలో తమ దర్శనభాగ్యం కలిగింది. అమ్మ పేరున ఉన్న కనెక్షన్‌ను నా పేరుకు మార్చుకుందామని వెళ్లాను. పేరు, చిరునామా, ఫోను నంబరు సజావుగా నడిచి తమ గుమ్మం దగ్గర ఆగిపోయాయి. నా ఆధార్‌లో ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉంది. తమ దగ్గర ఉన్నవి రెండే.

“పురుషుడు అని పెట్టేస్తే ఇప్పుడే అయిపోతుంది” అన్నాడు కౌంటర్‌లోని కుర్రాడు. స్త్రీ అని పెట్టమన్నాను. “దానికైతే డాక్టరు కాగితం కావాలి మేడమ్.”

మేడమ్ అని పిలవడానికి మాత్రం కాగితం అక్కర్లేదు, గమనించారా! పురుషుడు కావడానికీ అక్కర్లేదట. ఏ డాక్టరు, పళ్ల డాక్టరైనా ఫరవాలేదా అని అడిగితే పాపం నిజంగానే లోపలికి వెళ్లి కనుక్కున్నాడు. లోపలి పెద్దాయన బయటికి వచ్చి, నన్ను ఆపాదమస్తకం పరికించి, భోజనానికి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

తమది పెద్ద తగువుల వంశమని తెలుసు. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఆ దేశపు సమానత్వ చట్టంలో స్త్రీ అంటే జీవశాస్త్రపరంగా స్త్రీ అని తేల్చింది. అదే ఏడాది జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ అత్తింటి వేధింపులపై 498-ఎ కింద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. అథ్లెటిక్స్ వారు మహిళల విభాగానికి జన్యు పరీక్ష పెట్టారు. పరుగుపందెంలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్నది చిక్కు ప్రశ్నే, ఒప్పుకుంటాను. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచి, లింగ పరీక్ష తర్వాత దాన్ని పోగొట్టుకున్న శాంతి సౌందరరాజన్‌ను తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా వాళ్లు వాదించుకోవడానికి ఒక కారణం ఉంది. 14.2 కిలోల గ్యాస్ బండకు ఏ జన్యువు కావాలి?

లింగ గుర్తింపు చెప్పుకునే హక్కు మనిషిదేనని, శస్త్రచికిత్స కోసం పట్టుబట్టరాదని 2014లో మన సుప్రీంకోర్టు అంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల 2019 చట్టం వచ్చి, స్త్రీ అనో పురుషుడనో పత్రం కావాలంటే వైద్యాధికారి సంతకం తెమ్మంది. ట్రాన్స్‌జెండర్ అన్న కలెక్టరు కార్డుకు మాత్రం వైద్య పరీక్ష లేదని 2020 నిబంధనలు అప్పట్లో రాశాయి. ఆ కార్డు కూడా చూపించాను. తిరగేసి, ఫొటో చూసి, ఇచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో కండక్టరమ్మ ఆధార్ చూసి, స్త్రీశక్తి జీరో టికెట్ చేతిలో పెట్టి, “కొంచెం లోపలికి జరగండమ్మా” అంది. బస్సులో ఆడవాళ్లకూ మాకూ ఒకటే టికెట్. చర్చాగోష్ఠి ఏమీ జరగలేదు.

నువ్వేమిటి మరి? అంగుళం కూడా లేవు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే నా ఒంటి సంగతి అంతా చెబుతాను, వైద్యానికి అది కావాలి. అన్నం వండుకోవడానికి నీకెందుకు చెప్పాలి? మూడో వరుస చేర్చుకుంటావో, దరఖాస్తులోంచి తప్పుకుంటావో నీ ఇష్టం. సోమవారం మళ్లీ వస్తున్నాను. డాక్టరు కాగితం తీసుకురావడం లేదు.

ఇట్లు,
పేరు, చిరునామా సరిగ్గానే ఉన్న ఒక వినియోగదారు