ఉన్నట్టుండి ఉరకమనే ఆంగ్ల జాతీయాలకు ఒక హైదరాబాదీ సంజాయిషీ

మహారాజశ్రీ ఆంగ్ల జాతీయముల వారి సమక్షమునకు,

ఉభయకుశలోపరి. గచ్చిబౌలిలోని మా కార్యాలయంలో ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు మా మేనేజరు గారి నోట మీరు వరుసగా వెలువడుతుంటారు కనుక, మీ క్షేమసమాచారాలకు కొదవ లేదు. ఇన్నాళ్లూ మీరు చెప్పినట్లు నడుచుకోలేకపోయినందుకు సంజాయిషీ ఇచ్చుకోవడానికే ఈ లేఖ.

మొదట ‘షేక్ ఎ లెగ్’ గారికి. పుట్టింట్లో మీకు త్వరపడమని అర్థం. మా దేశపు ఇంగ్లీషు పత్రికల సినిమా పేజీలకు వచ్చేసరికి అది నాట్యమాడటమైంది. ఈ రెండర్థాలూ తెలియక మునుపే, కూర్చుని కాలు ఊపితే ఇంటికి దరిద్రమని మా నాయనమ్మ తొడ మీద చరిచి మరీ నేర్పింది. అందుచేత మేనేజరు గారు మిమ్మల్ని ఉచ్చరించగానే నా కాలు కదలడానికి బదులు బిగుసుకుపోతుంది. ఇది అవిధేయత కాదు, పెంపకం.

‘ఫైరింగ్ ఆన్ ఆల్ సిలిండర్స్’ గారూ, మీ మనసులో ఉన్నది మోటారు ఇంజనని ఎరుగుదును. కానీ మా ఇళ్లలో సిలిండరంటే 14.2 కిలోల ఎర్రబండ. అన్నీ ఒక్కసారిగా అంటుకుంటే వచ్చేది ఉత్సాహం కాదు, ఫైరింజను. త్వరపడమనడానికి మంచు మీద జారే స్కేట్లు తొడుక్కోమనే మీ ఇంగ్లండు బంధువు ‘గెట్ యువర్ స్కేట్స్ ఆన్’ గారికి ఒక్క మాట చెప్పండి: హుస్సేన్ సాగర్ గడ్డకట్టదు.

కాలు నేలను తాకడంతోనే పరుగందుకోమనే ‘హిట్ ద గ్రౌండ్ రన్నింగ్’ గారిని మాత్రం తప్పుపట్టలేను. మెహిదీపట్నంలో ఆగీ ఆగని సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీది నుంచి దిగి, బస్సుతోపాటు నాలుగడుగులు పరుగెత్తి నిలదొక్కుకున్న ప్రతివాడికీ మీరు అనుభవంలో ఉన్నవారే. అయితే ఆ పరుగు బోర్లా పడకుండా ఉండటానికి తీసేదే తప్ప పని మీద హుషారుతో తీసేది కాదన్న సంగతి, కారులో వచ్చే మా మేనేజరు గారికి తెలిసే వీలు లేదు.

నడుం బిగించడం, కొంగు దోపడం మాకుండగా మీరెందుకని నిలదీద్దామనుకున్నాను. ఇంతలో మీ ‘వార్ ఫుటింగ్’ గారు ‘యుద్ధప్రాతిపదిక’ అని పేరు మార్చుకుని మా పత్రికల్లో ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. మా వీధి మలుపులోని గుంతను యుద్ధప్రాతిపదికన పూడుస్తామన్న మాట మూడు వర్షాకాలాలుగా వింటున్నాం. యుద్ధం సాగుతూనే ఉంది. ప్రస్తుతానికి గుంతదే పైచేయి.

ఇట్లు,
కాలు ఊపని భవదీయుడు