స్కూల్లో సర్వర్ పెట్టబోయే కరస్పాండెంట్ గార్లకు సవినయ సూచనలు

అడ్మిషన్ల సీజన్ నెత్తిమీదకొచ్చింది. పక్క వీధి స్కూల్ వాడు అప్పుడే "ఏఐ క్యాంపస్" అని కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టేశాడు, మనకేమో ఫీజులూ మార్కులూ అటెండెన్సూ అన్నీ ఇంకా ఆఫీసు రూములో ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి, అదీ ఫ్యాన్ గట్టిగా తిరిగితేనే ఆన్ అవుతుంది. ఈ ఏడాది సర్వర్ (స్కూలు లెక్కలన్నీ ఒకచోట దాచి మిగతా కంప్యూటర్లకి అందించే పెద్ద కంప్యూటర్) పెట్టి తీరాల్సిందే అని పంతం పట్టిన ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలకి, ఊళ్లలో స్కూళ్లకి కేబుళ్లు లాగి బతుకుతున్నవాడిగా నాకు తెలిసింది చెబుదామని కూర్చున్నా.

ముందుగా ఒక హెచ్చరిక. కొంతమంది టెక్నికల్ వాళ్లు వచ్చీ రాగానే పిల్లలెంతమంది, ఏ సాఫ్ట్‌వేర్ నడపాలి, కరెంటు రోజుకి ఎంతసేపు పోతుంది, ఎర్తింగ్ ఉందా అని పోలీసు ఎంక్వైరీ లాగా మొదలుపెడతారు. అలాంటివాళ్లకి టీ ఇచ్చి పంపించెయ్యండి. మొదట చూడాల్సింది వాస్తు. సర్వర్ వేడెక్కుతుంది కాబట్టి దాని స్థానం ఆగ్నేయం, ఇందులో రెండో మాటే లేదు. ఆగ్నేయంలో మనకున్నది మెట్ల కింద స్టోర్ రూమ్. విరిగిన బెంచీలు, మిగిలిపోయిన నోటుబుక్కులు, యాన్యువల్ డేకి చేయించిన అట్ట కిరీటాలు, రెండు గదలు. అవన్నీ ఒక పక్కకి జరిపి మధ్యలో ర్యాక్ నిలబెట్టండి. అటుపక్క గోడ బాత్రూముది కాబట్టి కొంచెం చెమ్మ ఉంటుంది, చల్లదనానికి మంచిదే. తలుపు మాత్రం అద్దంది పెట్టించండి, లోపల లైట్లు మిణుకుమిణుకుమనడం బయటికి కనపడకపోతే పేరెంట్‌కి డొనేషన్ ఎందుకు కడుతున్నాడో అర్థం కాదు.

పూజ ఘనంగా చెయ్యండి. పసుపూ కుంకుమా సరిగ్గా సర్వర్ ముందువైపు జల్లెడ మీదే అద్దుతారు, అక్కణ్ణుంచే ఫ్యాన్లు గాలి పీల్చుకుంటాయి, సాయంత్రానికి మదర్‌బోర్డు దాకా ప్రసాదం చేరుతుంది. సంవత్సరం తర్వాత మూత విప్పితే లోపల వేడి లాగేసే హీట్‌సింకు ముత్తైదువలా మెరిసిపోతుంటుంది.

ఇక కెమెరాలు. సీబీఎస్ఈ 2025 జూలైలో తన స్కూళ్లన్నీ హై రెజల్యూషన్ సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ కనీసం 15 రోజులు దాచాలని చెప్పింది. దీనికి లెక్క చాలా సింపుల్. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్‌తో ఇరవైనాలుగు గంటలూ రికార్డు చేస్తే రోజుకి 43 జీబీ, 32 కెమెరాలకి దాదాపు 1.4 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ), 15 రోజులకి 20 టీబీ పైమాటే. మీ బావమరిది తెచ్చిన కొటేషన్లో ఉన్నది 4 టీబీ డిస్కు ఒకటి. అంటే మూడు రోజులు కూడా నిండకుండానే పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది పడుతుంది. దీన్ని లోపం అనుకునేవాడికి స్కూలు నడపడం రాదు. సోమవారం బస్సు దగ్గర పిల్లాడికి దెబ్బ తగిలిందా, పేరెంట్‌కి శుక్రవారం అపాయింట్‌మెంట్ ఇవ్వండి, "ఫుటేజ్ అంతా చూశామండీ, ఏమీ లేదు" అని నిజాయితీగా చెప్పొచ్చు.

పాత బ్లాకు నుంచి కొత్త బ్లాకుకి కేబుల్ విషయంలోనూ ఈ టెక్నికల్ వాళ్లు గొడవ చేస్తారు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, రెండు బిల్డింగుల మధ్య ఫైబర్ (కరెంటు పారని గాజు తీగ) వెయ్యాలి, లేకపోతే పిడుగు పడ్డప్పుడు రెండు వైపులా కేబుళ్లన్నీ కలిపే నెట్‌వర్కు స్విచ్‌లు పోతాయి అంటారు. దూరం 140 మీటర్లుందనుకోండి, మధ్యలో వాటర్ ట్యాంకు కింద ఒక చిన్న స్విచ్‌ని పాలిథీన్ కవర్లో చుట్టి పురికొస కట్టి వేలాడదీస్తే సరిపోయె కదా! కోతులు లాగితే మళ్లీ కడదాం. పిడుగు ఎలాగూ వేసవి సెలవుల్లోనే ఎక్కువ పడుతుంది, అప్పుడు నెట్‌వర్కుతో ఎవరికి పని.

వైఫై అందరికీ ఒకటే పెట్టండి, మనలో మనకి తేడాలెందుకు. ల్యాబూ కెమెరాలూ ఫీజు కౌంటరూ టీచర్ల ఫోన్లూ అన్నీ ఒకే నెట్‌వర్కులో, ఉమ్మడి కుటుంబం. నెట్‌వర్కులో చేరే ఒక్కో ఫోనుకీ కంప్యూటర్‌కీ ఒక్కో అడ్రసు కావాలి, మామూలుగా పెట్టే సెట్టింగులో దాంట్లో 254 అడ్రసులే ఉంటాయి కాబట్టి పేరెంట్స్ మీటింగు రోజు పాస్‌వర్డు బోర్డు మీద రాయగానే పదిన్నరకల్లా ఖాళీ అయిపోతాయి, ఆ తర్వాత ఆన్ చేసిన ఫీజు కౌంటర్ కంప్యూటర్‌కి చోటు దొరకదు. మీటింగు రోజే ఫీజు కట్టించుకోలేకపోవడం ఒక్కటే ఇందులో ఇబ్బంది.

సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగితే నవ్వొస్తుంది. నీతి కథల పీరియడ్ వారానికి రెండుసార్లు పెట్టాం కదా, సర్వర్‌కి కూడా నీతి అవసరమా? దొంగ కాపీకి క్రాక్ వేసెయ్యండి, అప్‌డేట్లు ఆపెయ్యండి. అప్‌డేట్లు వేసుకోని కంప్యూటర్లని 2017 మేలో ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే వనాక్రై వైరస్ వచ్చి ఊడ్చేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి, దానికి మందు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. అయినా మన దగ్గరికి ఎందుకొస్తుంది, మన దగ్గర ఏముంది, వెయ్యి మంది పిల్లల ఆధార్ నంబర్లూ ఇంటి అడ్రసులూ తల్లిదండ్రుల ఫోన్లూ తప్ప! 2023 డేటా చట్టంలో భద్రత సరిగ్గా పెట్టకపోతే పెనాల్టీ 250 కోట్ల దాకా అని రాశారట, మానిటర్ అంచున అంటించిన పాస్‌వర్డు చీటీ తీసేస్తే ఆ ప్రమాదం తప్పినట్టే. కేరళ గవర్నమెంటు బళ్లలో ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు చెప్తున్నారు. ఆ మాట మాత్రం మన గేటు లోపల అనకండి, ఫ్రీ అని వినపడితే పేరెంట్స్ ఫీజు సంగతి ఎత్తుతారు.

ఇంతటి సర్వర్‌ని చూసుకోవడానికి మనిషి కావాలా? ఉన్నాడుగా, కంప్యూటర్ సార్. ఆరు నుంచి పది దాకా క్లాసులు, లెక్కల టీచర్ రాకపోతే ఆ క్లాసు, నాలుగో నంబరు బస్సు ఇంచార్జి, హాల్ టికెట్ల ప్రింటు, మీ అబ్బాయి ఫోన్ రిపేరు, వీటి మధ్యలో సర్వర్ ఒక లెక్కా. ఆగస్టు 15కి మైకు సెట్ వాడు ప్లగ్ పాయింట్ కోసం యూపీఎస్ పీకేస్తే జెండా వందనం వదిలేసి పరిగెత్తేది కూడా ఆయనే. ఏప్రిల్‌లో ఆయన మానేస్తాడు, అడ్మిన్ పాస్‌వర్డు ఆయనతోనే వెళ్లిపోతుంది. ఫోన్ చేసి అడగొచ్చు, కాకపోతే ఆయన ముందు మార్చి జీతం సంగతి అడుగుతాడు.

మిగిలింది బ్యాకప్. రెండు డిస్కులు పెట్టి ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లోనూ పడేట్టు చేసి ఇదే బ్యాకప్ అంటారు, ఒకదాంట్లో చెరిపేస్తే ఆ సెకండులోనే రెండోదాంట్లో కూడా చెరిగిపోతుందన్న సంగతి డ్యూస్ లిస్టు మాయమైన రోజు తెలుస్తుంది. మార్కులు పోతే మళ్లీ పరీక్ష పెట్టొచ్చు, డ్యూస్ లిస్టు పోతే ఏ పేరెంటూ వచ్చి నేను బాకీ ఉన్నానని చెప్పడు.

ఇక్కడే అకౌంటెంట్ మేడమ్ గారి ముందుచూపు బయటపడుతుంది. సర్వర్ వచ్చిన రోజు నుంచీ ఆవిడ దాన్ని నమ్మలేదు. ప్రతి రశీదూ ముందు లాంగ్ బుక్కులో, ఎర్ర ఇంకుతో బాకీ, నీలం ఇంకుతో జమ, పేజీకి ఒక సెక్షను, సాయంత్రం బుక్కు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఇంటికి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ఇలాగే తాళమేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ పడితే అంత పెద్ద ఆసుపత్రినీ రోజుల తరబడి కాగితాల మీద నడపాల్సొచ్చింది, ఆవిడ మాత్రం ఎప్పట్నుంచో కాగితం మీదే నడుపుతోంది. ప్రపంచమంతా చెప్పే బ్యాకప్ సూత్రం మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయటి చోట అని. కాబట్టి నా తుది సిఫార్సు: ప్రతి శనివారం ఆ బుక్కు జిరాక్స్ తీయించి ఆఫీసు బీరువాలో పెట్టండి, ఫోటోలు తీసి మీ వాట్సాప్‌లో దాచుకోండి, అసలుది ఆవిడ ఇంట్లోనే ఉండనివ్వండి. జిరాక్స్ ఖర్చు సర్వర్ బడ్జెట్లో రాయకండి, అందులో మిగిలిందేం లేదు, ఫ్లెక్సీల పద్దులో కలిపెయ్యండి.